బీరువాలో పునీతుడు

లిఫ్ట్ పైకి వస్తోంది. ఈ బ్లాకులో లిఫ్ట్ ఎక్కడుందో నేను చెవితోనే చెప్పగలను, కింద లెపోసావా గారి అంతస్తు చేరగానే తాడు కాస్త మూలుగుతుంది, మా అంతస్తుకి వచ్చేముందు ముసలాయన గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు చేస్తుంది. మూలిగింది. గొంతు సవరించుకోలేదు. కింది అంతస్తులోనే ఆగిపోయింది, ఎవరి చేతిలోనో సంచీ గరగరలాడింది, ఎవరో నవ్వారు, తలుపు మూసుకుంది. తీపి గోధుమల పళ్ళెం పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళినదాన్ని వెనక్కి వచ్చి పళ్ళేన్ని బల్ల మీద పెట్టాను. ఒగ్న్యెన్ లేచి వచ్చి దాన్ని రెండంగుళాలు పక్కకి జరిపి, ఒక అడుగు వెనక్కి వేసి, తల వంచి చూసి, మళ్ళీ ఒక అంగుళం ఇటు జరిపాడు. నా మొగుడు మనుషుల ఇళ్ళు అందంగా చేసే పనివాడు, పెద్ద పేరున్నవాడు, పళ్ళెం ఎక్కడుండాలో ఆయనకి తెలిసినట్టు పళ్ళేనికి కూడా తెలియదు. గిన్నెలో ఉడికించి దంచి అక్రోటు పప్పు, పంచదార కలిపిన గోధుమలు, ఒక పక్క తుడిచి పేర్చిన చెంచాలు, ఇంకో పక్క నీళ్ళ గ్లాసు. మా ఇంటి పునీతుడి రోజున వచ్చినవాడు వచ్చినట్టే ఒక చెంచా తిని, గుండెల మీద సిలువ గీసుకుని, ఆ చెంచాని నీళ్ళ గ్లాసులో వేస్తాడు. మామయ్య, ఒగ్న్యెన్ తండ్రి, ఉన్నప్పుడు మధ్యాహ్నానికల్లా ఆ గ్లాసు చెంచాలతో బిగిసిపోయి, నీళ్ళు పొర్లి, రెండో గ్లాసు కోసం నేను వంటింట్లోకి పరిగెత్తేదాన్ని. ఇవాళ ఆ నీళ్ళు తేటగా ఉన్నాయి. పెద్ద కిటికీ మొత్తం అందులో తలకిందులుగా కనబడుతోంది.

వర్షం, అందుకే ఆలస్యం, అంటున్నాడు ఒగ్న్యెన్, వంతెన మీద బళ్ళు నిలిచిపోయి ఉంటాయట. అవును, నవంబరులో వర్షం పడుతుంది, పోయిన ఏడాదీ పడింది, మా పెళ్ళయిన ఏడాదీ పడింది, ఆ ఏడాది గుమ్మం బయట గొడుగులు తెరిచి ఆరబెడితే మెట్ల మీద నడవడానికి దారి లేకపోయింది. వర్షానికి ఆగే పండుగ కాదిది. స్లావా అంటే పిలుపు లేని పండుగ. పెళ్ళికి పిలుస్తాం, బిడ్డకి పేరు పెడితే పిలుస్తాం, చావుకి కబురు పెడతాం, ఇంటి పునీతుడి రోజున మాత్రం ఎవర్నీ పిలవం. ఒకసారి వచ్చినవాడు బతికున్నంత కాలం వస్తాడు. కొవ్వొత్తి వెలిగించి, తలుపు గడియ తీసి, వంట చేసుకుని కూర్చోవడమే మన పని. ఎవరికైనా ఫోన్ చేసి ఏంటి ఇంకా రాలేదు అని అడిగామంటే ఇక మన ఇంటికి పరువు లేనట్టే. ఎవరు కనిపెట్టారో గానీ ఈ ఆచారం మంచి రోజుల్లో ఎంత తీయగా ఉండేదో, ఇప్పుడు అంత గొంతు నులుముతోంది, ఎందుకంటే అడగడానికి లేదు, అలగడానికి లేదు, రాలేకపోయామండీ అని అబద్ధం చెప్పే అవసరం కూడా వాళ్ళకి లేదు. రాకపోతే రానట్టే. నోరు మెదపకుండా చెప్పేస్తారు.

కూర్చోవాలి, కాళ్ళు లాగుతున్నాయి, తెల్లవారకముందు నుంచి పొయ్యి దగ్గర ఉన్నాను. పొయ్యి అంటే పొయ్యి కాదు, నల్లటి గాజు పలక, ఆర్పేశాక అది వంటిల్లని కూడా తెలియదు, అదే దాని గొప్ప. క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండిన సర్మా పెద్ద కుండలో ఉంది, ఆ కుండ కళ్ళకి బాగాలేదని అటక కింద తలుపు వెనక పెట్టించాడు. ఎక్కడ కూర్చోను? కిటికీ పొడుగునా గోడలోంచి పుట్టినట్టు ఒక బెంచీ ఉంది, దాని మీద బూడిదరంగు దిండ్లు మూడు, అవి వరుసగా కాక వరుసలా కనబడేట్టు ఉండాలి, నేను ఎప్పుడు కూర్చుని లేచినా వెనకాలే వచ్చి సర్దుతాడు, నేను కూర్చున్న గుంత పోయేదాకా అరచేత్తో తడతాడు. ఇంటికి కావాల్సింది ఖాళీ అంటాడు. గోడ ఊపిరి పీల్చుకోవాలి అంటాడు. గోడ పీల్చుకోవడానికి మేము బిగబట్టుకోవాలి కాబోలు. ఈ ఇంటిని తిరగ్గట్టకముందు రెండేళ్ళు పని గది గోడ నిండా బొమ్మలు అంటించుకున్నాడు, ఎక్కడెక్కడివో ఇళ్ళు, డెన్మార్క్ వాళ్ళవి, జపాన్ వాళ్ళవి, సముద్రం మీదకి వంగిన గాజు పెట్టెలు, కాంక్రీటు స్నానాల గదులు. రాత్రి భోజనాలయ్యాక నన్ను పిలిచి చూపించేవాడు, ఈ వెలుతురు చూడు రూజా, ఈ మూల చూడు అని. నేను చూసేదాన్ని. బాగానే ఉండేవి, అబద్ధమెందుకు, చూస్తుంటే మనసు చల్లబడేది. ఒక్క బొమ్మలోనూ మనిషి లేడని చాలా రోజులకి గాని తట్టలేదు. ఒక దాంట్లో పిల్లి ఉంది. ఒక దాంట్లో బల్ల మీద సగం ఒలిచిన నారింజ ఉంది, ఒలిచినవాడు ఎక్కడికి పోయాడో. ఫొటో కోసం పెడతారట అలా, ఇంట్లో బతుకు ఉన్నట్టు అనిపించడానికి.

మా బల్ల కూడా అలాంటి బొమ్మలోంచే దిగింది. తెల్లటి ఓక్ చెక్క, సన్నగా, పొడుగ్గా, ఆరుగురికి. ఆరుగురికంటే ఎక్కువమంది ఒకేసారి మాట్లాడుకోలేరు కదా అన్నాడు, బొమ్మ గీస్తూ. మామయ్య బల్ల గుండ్రంది, మధ్యలోకి లాగితే చీలేది, చీలిన చోట రెండు పలకలు వేసేవాళ్ళం, ఆ పలకలు ఏడాది పొడుగునా మంచం వెనక గోడకి ఆనించి ఉండేవి. పండుగ వస్తోందని నాకు క్యాలెండరు చెప్పేది కాదు, ఆ పలకల దుమ్ము చెప్పేది. స్రెచ్కో, ఒగ్న్యెన్ తమ్ముడు, ఒక కొస పట్టుకునేవాడు, నేను ఒక కొస, వదినా వేళ్ళు జాగ్రత్త అని ప్రతి ఏడూ అనేవాడు, ప్రతి ఏడూ వాడి వేళ్ళే నలిగేవి. లాగినప్పుడు ఆ బల్ల కీచుమనే చప్పుడుకి కింద అంతస్తులో లెపోసావా గారికి తెలిసిపోయేది, ఆవిడ పళ్ళాలు, కుర్చీలు పంపించేది, ఎదురింటివాళ్ళ కుర్చీలు వచ్చేవి, ఇస్త్రీ బల్లని రెండు కుర్చీల మీద పెట్టి పైన గుడ్డ కప్పి పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టేవాళ్ళం. మోచేతులు తగిలేవి. ఒకడు లేవాలంటే వరుస మొత్తం లేవాలి. ఇంటిని తిరగ్గట్టినప్పుడు ఆ బల్లని ఒగ్న్యెన్ కిందికి దింపించి చెత్త తొట్టె పక్కన నిలబెట్టించాడు, కావాల్సినవాళ్ళు పట్టుకుపోతారులే అని. నేను ఆఫీసులో ఉన్నాను. స్రెచ్కో ఎవరి వ్యానో అడుక్కుని, వర్షంలో తడుస్తూ వచ్చి, నది అవతల తన ఇంటికి మోసుకుపోయాడట. వాడి ఇల్లు రెండు గదులు. ఆ బల్ల ఎలా పట్టిందో దేవుడికే తెలియాలి.

మళ్ళీ లిఫ్ట్. మూలగలేదు, లెపోసావా గారి దాకా కూడా రాలేదు.

ఒగ్న్యెన్ గాజు దగ్గర నిలబడి ఉన్నాడు. వర్షం చూస్తున్నట్టు నిలబడ్డాడు గానీ చూపు కింద బళ్ళు ఆపే చోట ఉంది. ఆ గాజు ఉన్నచోట గోడ ఉండేది. తూర్పు గోడ. బాల్కనీని గదిలో కలిపేసి, గోడ కోయించి, నేల నుంచి పైకప్పు దాకా గాజు పెట్టించాడు, పొద్దున్నే ఎండ నేరుగా బల్ల మీద పడాలని. ఆ గోడ మామయ్య పోయించింది. నిజంగానే, ఈ బ్లాకులన్నీ కడుతున్నప్పుడు వోయిన్ మామయ్య ఇక్కడ కాంక్రీటు ఇంజినీరు, తను పోయించిన గోడల మధ్యే కంపెనీ తనకి ఇల్లిచ్చింది, తాగినప్పుడల్లా గోడని చరిచి, ఇది కదిలితే బెల్‌గ్రేడ్ కదిలినట్టేరా అనేవాడు. కోసేటప్పుడు యంత్రం రెండుసార్లు ఆగిపోయింది. ఆ గోడ మీదే పునీతుడి పటం ఉండేది, ఆయన్ని తూర్పు గోడకి తగిలించాలి మరి. మొదట్నుంచీ అక్కడ లేదులే, అదో కథ. కమ్యూనిస్టు పార్టీ రోజుల్లో మామయ్య సభ్యుడు, దేవుడి బొమ్మ గోడకుంటే ఉద్యోగం ఉండదు, అందుకని పటాన్ని బట్టల బీరువా తలుపుకి లోపలి వైపు కొట్టాడు. ఏడాదంతా పునీతుడు దిమిత్రి గారు కోట్ల మధ్య, కలరా ఉండల వాసనలో ఉండేవాడు. ఆయన రోజు రాగానే కిటికీ తెరలు లాగేసి, బీరువా తెరిచి, దాని ముందు కొవ్వొత్తి వెలిగించేవాళ్ళు. కంపెనీలో అడిగితే నా పుట్టినరోజు అని చెప్పేవాడు మామయ్య. కాగితాల ప్రకారం ఆయన పుట్టింది మే నెలలో, కాబట్టి ఆయనకి ఏడాదికి రెండు పుట్టినరోజులు, పార్టీ కార్యదర్శి రెండింటికీ వచ్చేవాడట, రెండో దానికి వైను సీసా తెచ్చి, పుట్టినరోజు శుభాకాంక్షలు కామ్రేడ్ అని గట్టిగా అని, గోధుమలు నోట్లో వేసుకుంటూ బల్ల కింద చేత్తో సిలువ గీసుకునేవాడట. ఆ తర్వాత కాలం మారింది, పటం బీరువాలోంచి దిగి గోడెక్కింది, మామయ్య మేకు కొడుతూ ఏడ్చాడని చెప్పుకుంటారు. నేను కోడలిగా వచ్చేసరికి గోడ మీదే ఉంది, పొగ పట్టి, ముఖం సగం నల్లబడి, చూపు మాత్రం నువ్వు ఏ మూల నిలబడితే ఆ మూలకి.

ఇప్పుడెక్కడున్నాడా? తూర్పు గోడ లేదు. పడమటి వైపు గోడ ఉంది గానీ అది గోడలా కనిపించే అల్మరా, పిడి లేదు, గొళ్ళెం లేదు, వేలితో నొక్కితే నిట్టూర్చినట్టు తెరుచుకుంటుంది. లోపల కాఫీ యంత్రం, కప్పులు, ఇస్త్రీ పెట్టె, మనం బతుకుతున్నామని తెలియజేసే సామాన్లన్నీ. పై అరలో పునీతుడు. తలుపు తెరవగానే దీపం దానంతటదే వెలుగుతుంది, మూయగానే ఆరిపోతుంది, అచ్చం ఫ్రిజ్జులో లాగే. ఒగ్న్యెన్ ఆయన కోసం ప్రత్యేకంగా అర కొలిపించాడు, కావాలంటే పండుగ రోజున తెరిచి ఉంచుకోవచ్చు అన్నాడు, కానీ తెరిచి ఉంచితే తలుపు గది మధ్యకి వచ్చి చూపుకి అడ్డమట, ఇవాళ కూడా కొవ్వొత్తి వెలిగించేటప్పుడు తెరిచి, దండం పెట్టుకోగానే మూసేశాడు. ఆ గోడ తెల్లదనం ముందు ఆ నల్ల ముఖం నిలవదు, రూజా, నీకు అర్థమవుతుంది కదా. అవుతుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా నాకు అన్నీ అర్థమవుతూనే ఉన్నాయి, అదే నాకు పట్టిన రోగం.

పోయిన ఏడాది, ఇల్లు ఇలా మారాక మొదటి పండుగకి, అందరూ వచ్చారు. చూద్దామని వచ్చారు, పత్రికలో బొమ్మలు పడ్డాయి కదా. కూమ్ తిహోమీర్ అందరికన్నా ముందు వచ్చాడు, ప్రతి ఏడాది లాగే. మా పెళ్ళికి సాక్షిగా నిలబడ్డవాడు, ఆయన తండ్రి మామయ్య పెళ్ళికి నిలబడ్డాడు, సొంత అన్నదమ్ములతో మాటలు లేకపోయినా బతకొచ్చు గాని కూమ్ మొహం తిప్పుకుంటే ఇంటికి మంచిది కాదు. క్రేన్ నడిపిన మనిషి, చేతులు తలుపుల్లా ఉంటాయి. మన దగ్గర ఇంటికొచ్చినవాడు బూట్లు విప్పబోతాడు, ఇంటివాళ్ళు అయ్యో విప్పకండి, రండి అని చేతులు పట్టుకుంటారు, అతను ఇంకోసారి వంగుతాడు, మళ్ళీ లేవదీస్తారు, ఆ లాగులాట అయ్యాక బూట్లతోనే లోపలికి వస్తాడు, అది మర్యాద. తిహోమీర్ అలాగే వంగాడు. నేను విప్పకండి కూమ్ అనేలోపు ఒగ్న్యెన్, విప్పండి పరవాలేదు, నేలకి ఇంకా నూనె పట్టాలి, అంటూ బూడిదరంగు గొంగడి చెప్పులు ఇచ్చాడు. తిహోమీర్ వంగినవాడు వంగినట్టే ఒక్క క్షణం ఆగాడు. విప్పాడు. కుడికాలి మేజోడుకి బొటనవేలి దగ్గర చిరుగు. భార్య పోయిన మనిషి. ఆ చెప్పు ఆయన పాదానికి చాలలేదు, మడమ బయటికే ఉంది, ఆ సాయంత్రమంతా ఎడమ కాలు కుడికాలి మీద వేసుకుని కూర్చున్నాడు, లేవలేదు, పాడలేదు. ఆయన పాడకుండా ముగిసిన పండుగ నాకు గుర్తు లేదు. ఒగ్న్యెన్ అందరికీ ఇల్లు తిప్పి చూపించాడు, ఇక్కడ గోడ ఉండేది, ఇది తెరిచాను, ఇది దాచాను. ప్రతి గ్లాసు కిందికీ ఒక రాతి బిళ్ళ జరుపుతూ తిరిగాడు. స్రెచ్కో మనవరాలు అల్మరా మీద సర్మా చేత్తో ఒక ముద్ర వేసింది, ఒగ్న్యెన్ నవ్వుతూనే తడిగుడ్డ తెచ్చాడు, నవ్వుతూనే తుడిచాడు, మరిది భార్య మిల్కా ఆ పిల్లని ఒళ్ళోకి లాక్కుని మళ్ళీ దింపలేదు. బల్ల దగ్గర ఆరుగురు కూర్చున్నారు, మిగిలినవాళ్ళు ఆ బెంచీ మీద, బస్సు కోసం కూర్చున్నట్టు, ఒకే వైపు చూస్తూ. అప్పుడు తిహోమీర్, మన పునీతుడేడిరా అని అడిగాడు. ఒగ్న్యెన్ వెళ్ళి వేలితో నొక్కాడు, తలుపు నిట్టూర్చింది, దీపం వెలిగింది, కాఫీ యంత్రం పైన దిమిత్రి గారు.

తిహోమీర్ చాలాసేపు చూశాడు. "మళ్ళీ బీరువాలోకి పోయాడా," అన్నాడు. "అప్పుడంటే పార్టీ. ఇప్పుడెవరికిరా నీ భయం?"

ఎవరో నవ్వారు, ఒగ్న్యెన్ కూడా నవ్వాడు, అందరూ పొద్దుగుంకకముందే లేచారు. మామయ్య రోజుల్లో వాళ్ళని పంపించడానికి కాఫీ మీద కాఫీ పెట్టాల్సి వచ్చేది. ఆ రాత్రి నేను ఆ చిరుగు సంగతి ఎత్తితే, ఆయన మేజోడు చిరిగితే నా తప్పా అన్నాడు ఒగ్న్యెన్. కాదు. నీ తప్పు కాదు. నువ్వు నేల గురించి ఆలోచించావు.

ఇప్పుడు ఫోన్ చేయాలి. పిలవడానికి కాదు, అదెలాగూ కుదరదు. స్రెచ్కో ఈ ఏడాది తన ఇంట్లో కూడా కొవ్వొత్తి వెలిగిస్తున్నాడు. వేసవిలోనే చెప్పాడు, నా కళ్ళలోకి చూడకుండా, వదినా, వేరు కాపురం కదా, మా ఇంటికీ ఓ పండుగ ఉండాలని ఆశగా ఉంది అని. హక్కే, ఎవరూ కాదనలేరు. అన్న ఇంట్లో జరుగుతున్నంతకాలం తమ్ముళ్ళు ఆగుతారు, అంతే. ఒకే పునీతుడు, ఒకే రోజు, అవే చుట్టాలు. ఆ మాట విన్నప్పుడే నాకు తెలిసుండాలి, తెలిసింది కూడా, అయినా రెండు ఇళ్ళకీ వస్తారులే, ముందు పెద్దవాళ్ళ ఇంటికి వచ్చి తర్వాత అక్కడికి పోతారులే అని కుండ నిండా చుట్టాను. తోడికోడలికి పండుగ శుభాకాంక్షలు చెప్పడం నా ధర్మం, అందులో పరువు పోయేదేమీ లేదు. పడక గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాను. ఆ తలుపుకీ పిడి లేదు.

చాలాసేపు మోగింది. ఎత్తగానే ముందు మిల్కా గొంతు కాదు, ఆ ఇల్లు వినిపించింది, గిన్నెలు, పిల్లల ఏడుపు, ఇంకో కుర్చీ తెండర్రా అన్న కేక, దాని వెనక కీచుమని ఒక చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు. ఇంకో పలక వేస్తున్నారు. అంటే ఇంకా వస్తున్నారు.

"అక్కా, వినబడట్లేదు, గట్టిగా చెప్పు," అంది మిల్కా. "మీకూ శుభం, మీకూ. ఏం చెప్పను, ఊపిరాడట్లేదు ఇక్కడ. నేను స్నానాల గదిలోకొచ్చి మాట్లాడుతున్నా, ఇక్కడా ఇద్దరున్నారు." నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. "అక్కా, మీ ఇంటికి ఎవరూ..."

"వస్తున్నారు, ఒక్కొక్కరే," అన్నాను.

"సరే మరి." దూరంగా ఒక గొంతు ఎత్తుకుంది, లావుగా, కాస్త శ్రుతి తప్పి, క్రేన్ మీంచి కింది వాళ్ళకి వినబడాలని అలవాటైన గొంతు. తిహోమీర్ పాడుతున్నాడు. బూట్లతో కూర్చుని ఉంటాడు. "సాయంత్రం రండక్కా మీరిద్దరూ," అంది మిల్కా, "కూర్చోడానికి చోటు లేదు గానీ, ఎలాగో సర్దుకుందాం."

ఫోన్ పెట్టేశాక మంచం అంచున కూర్చున్నాను. ఎదురుగా ఏమీ లేని గోడ ఊపిరి పీల్చుకుంటోంది. ఏడుపు రాలేదు. చోటు లేదట. ఇక్కడ చోటుకి ఏం తక్కువ, మా ఆయన గోడలు కోసి కోసి చోటు చేశాడు, జీవితమంతా చోటు చేయడమే ఆయన విద్య, ఆ చోటులో నేనూ ఆయనా కొవ్వొత్తీ. కాదు, కొవ్వొత్తి కూడా కాదు, అది మైనం కార్చి బల్ల పాడుచేస్తుందని దాని కింద గాజు పళ్ళెం, ఆ పళ్ళెం కింద ఫెల్టు ముక్క.

బయటికి వచ్చేసరికి ఒగ్న్యెన్ ఫోనుతో బల్ల ఫొటోలు తీస్తున్నాడు. పండుగ రొట్టెని ముట్టలేదు ఇంకా. దాన్ని ఇంటాయనా ఇంకొకరూ చెరోపక్క పట్టుకుని తిప్పాలి, అడుగున సిలువలా కోసి వైను పోయాలి, విరవాలి, ఆ రెండో మనిషి కోసమే ఈ ఎదురుచూపు. మా ఇంట్లో ఆ రెండో పక్క ఎప్పుడూ తిహోమీర్ చేతులే. రొట్టె మీద పిండితో చేసిన ద్రాక్షగుత్తి, పావురం, నేను రాత్రి చేసినవి, మెరుస్తున్నాయి. పక్కన రుద్రజడ రెమ్మ. పల్చటి వెలుతురు, వాన వెలుతురు, అన్నిటి మీదా మెత్తగా పడుతోంది. నిజం చెప్పాలంటే ఎంతో బాగుంది. ఎవరూ చెయ్యి పెట్టని బల్ల అంత బాగుంటుందని నాకు తెలియదు. ఒగ్న్యెన్ తల ఎత్తకుండా, ఎవరు ఫోన్లో అన్నాడు. మిల్కా, అన్నాను. ఏమంది? శుభాకాంక్షలు చెప్పింది. తిహోమీర్ అక్కడున్నాడా? ఉన్నాడు. ఫోను దించాడు. ఒక్క క్షణం ఆయన ముఖం తిప్పుకోవడం మర్చిపోయాడు, అప్పుడు చూశాను, తండ్రి వేలు వదిలేసి సంతలో నిలబడ్డ పిల్లాడి ముఖం. దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేద్దామనుకున్నాను. వేసుంటే ఏమయ్యేదో. ఆయన మళ్ళీ ఫోను ఎత్తి, కాస్త పక్కకి జరుగు రూజా, నీ నీడ పడుతోంది అన్నాడు.

లిఫ్ట్ మూలిగింది. గొంతు సవరించుకుంది.

మా అంతస్తు. నా ఒళ్ళు జల్లుమంది, సిగ్గు లేకుండా, పళ్ళెం అందుకుని దాదాపు పరిగెత్తాను, తలుపు తెరిచి బెల్లు మోగకముందే నిలబడ్డాను. ఎవరో పడుచు జంట. అబ్బాయి చేతిలో తడిసిన గొడుగు, అమ్మాయి చేతిలో ఏమీ లేదు. వైను సీసా లేదు, కాఫీ పొట్లం లేదు, పువ్వు లేదు. ఉత్త చేతులతో ఎవరూ రారు ఈ రోజు. అమ్మాయి నా చేతిలో పళ్ళేన్ని చూసి ఎర్రబడింది. "అయ్యో, మీకు ఇవాళ స్లావానా? మాకు చెప్పలేదండీ," అంది. వాళ్ళ పేర్లు ఊనా, రెల్యా, కొత్త ఇల్లు కొనుక్కుంటున్నారు, ఒగ్న్యెన్ గారు ఇవాళ రమ్మన్నారట, ఇల్లు ఇవాళ చూడ్డానికి బాగుంటుంది అన్నారట. రమ్మన్నాడు. ఎవర్నీ పిలవకూడని ఒకే ఒక్క రోజున, నా మొగుడు ఇద్దర్ని పిలిచాడు.

రెల్యా బూట్ల లేసులకి వంగాడు. "విప్పకండి," అన్నాను, నా గొంతు నాకే గట్టిగా వినిపించింది, "బూట్లతోనే రండి. ఈ ఇంట్లో పండుగ రోజు బూట్లు విప్పరు." చెయ్యి పట్టుకుని లేవదీశాను కూడా. అతను మర్యాదగా నా చేతిని విడిపించుకున్నాడు, నా వెనకున్న నేలని చూస్తూ, ఇంత మంచి నేల మీద బూట్లా ఆంటీ, మనసెలా వస్తుంది అన్నాడు. గొంగడి చెప్పులు ఇద్దరికీ అతికినట్టు సరిపోయాయి.

చెరో చెంచా తిన్నారు, సిలువ గీసుకున్నారు, గ్లాసులో వేశారు. రెండు చెంచాలు. ఊనా ఆ గ్లాసు వంక చూసింది, పొందిగ్గా పేర్చి ఉన్న మిగతా చెంచాల వంక చూసింది, మంచి పిల్ల, వెంటనే చూపు తిప్పుకుంది. చుట్టాలంతా వెళ్ళిపోయారా అని అడిగాడు రెల్యా, ఏదో మాట కలపాలని. ఒగ్న్యెన్ ఇప్పుడే వెళ్ళారు అన్నాడు. అంత హాయిగా అన్నాడు, నేనే ఒక్క క్షణం గుమ్మం వైపు చూశాను. తర్వాత ఇల్లు తిప్పాడు. ఇక్కడ గోడ ఉండేది. ఇది తెరిచాను. ఇది దాచాను. వాళ్ళు నెమ్మదిగా, గుళ్ళో నడిచినట్టు నడుస్తూ, గోడలని ముట్టకుండా చూశారు. ఊనా గది మధ్యలో నిలబడి, చేతులు ఒకదాంట్లో ఒకటి పట్టుకుని, చుట్టూ తిరిగి చూసింది. "ఎంత ప్రశాంతంగా ఉంది," అంది, "అసలు ఎవరూ ఉండని ఇల్లులా ఉంది. మాకూ అచ్చం ఇలాగే కావాలి." ఒగ్న్యెన్ ముఖంలోకి రక్తం వచ్చింది, పొద్దుట్నుంచీ మొదటిసారి.

ఆ ఉత్సాహంలోనే అల్మరా దగ్గరికి వెళ్ళి వేలితో నొక్కాడు, చూడండి, పిడి అక్కర్లేదు. తలుపు నిట్టూర్చింది. దీపం వెలిగి, కాఫీ యంత్రం పైన నల్లబడ్డ ముఖం బయటపడింది. భలే ఉంది, పటానికి కూడా చోటు ఆలోచించారు అన్నాడు రెల్యా. ఒగ్న్యెన్ పటాన్ని చూసి, బల్లని చూసి, అప్పుడు అన్నాడు, అంత మామూలుగా, ఉప్పు అందివ్వమన్నట్టు: "రెల్యా, ఓ చెయ్యి వెయ్యి బాబూ, ఈ రొట్టె ఇంకా విరవలేదు."

"నేనా?" అన్నాడు ఆ అబ్బాయి. నా వైపు చూశాడు. నేను కాదంటే వెనక్కి తగ్గేవాడే. మాటలు గొంతులోకి వచ్చాయి, వాటి వెనక బల్ల కీచుమన్న చప్పుడు వచ్చింది, తిహోమీర్ గొంతు వచ్చింది, కూర్చోడానికి చోటు లేదు గానీ. ఒగ్న్యెన్ చేతులు రొట్టె అంచున సిద్ధంగా ఉన్నాయి. నేను కాదనలేదు. తిప్పారు. ఆ అబ్బాయికి ఎటు తిప్పాలో తెలియక మొదట ఎదురు తిప్పాడు, నవ్వుకున్నారు, ఊనా ఫోను తీసి ఫొటో తీసింది. వైను పోశారు, తడిసిన చోట పట్టుకుని విరిచారు. నా పావురం సగానికి చీలి, రొట్టె పొడి తెల్లటి నేల మీద రాలింది. అక్కడితో అందరి చేతులూ ఆగిపోయాయి. విరిగిన సగం చేతిలో పట్టుకుని ఒగ్న్యెన్ నేలని చూస్తున్నాడు. ఆ సగాన్ని ముద్దు పెట్టుకుని అవతలివాడి భుజాలు పట్టుకోవాలి ఆ క్షణంలో, మామయ్యా తిహోమీరూ ఎముకలు విరిగేలా పట్టుకునేవాళ్ళు. ఒగ్న్యెన్ రొట్టెని బల్ల మీద పెట్టి, ఒక్క నిమిషం అని చెప్పి, చేతి వాక్యూమ్ కోసం వెళ్ళాడు. అది మొదలయ్యాక ఇంక ఎవరూ మాట్లాడే పని లేకపోయింది. ఊనా, రెల్యా చెప్పులు ఎత్తి ఎత్తి ఆయనకి దారి ఇస్తున్నారు. కొవ్వొత్తి మంట ఆ గాలికి ఒక పక్కకి వాలింది.

నేను అల్మరా దగ్గరికి వెళ్ళాను. పునీతుడు నా వైపే చూస్తున్నాడు, ఏ మూల నిలబడితే ఆ మూలకి. మామయ్య ఆయన్ని మనుషుల కంట పడకుండా దాచాడు. మేము ఆయన కంట పడకూడదని నేను అరచేత్తో తలుపు నెట్టాను, లోపల దీపం ఆరిపోయింది.